ఫ్యాను వేయమన్నా నవ్వే తరగతిలో పార్టీల పాఠం

బడి – గడప: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు (2024 ఎన్నికల ముందు రాసినవి)

2024 మార్చి 16న సార్వత్రిక ఎన్నికల షెడ్యూలు వెలువడిన నాటి నుంచి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. 2024 మే 13న మన ఆంధ్రప్రదేశ్‌లో లోక్‌సభకూ శాసనసభకూ ఒకేసారి పోలింగు జరుగుతుంది. వేసవి సెలవులు ఇచ్చేలోగా, ఒంటిపూట బడుల్లో మిగిలిన ఈ కొద్ది రోజుల్లో రాజకీయ పార్టీల గురించి పిల్లలకు ఏం చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి అన్నదే ఆ విషయం. అందుకే మార్కుల బెంగనూ ట్యూషన్ల గొడవనూ ఈ నెలకు పక్కన పెట్టి చోటంతా దీనికే ఇస్తున్నాను. రాసినవారిలో ప్రభుత్వోద్యోగులు ఉన్నందువల్ల ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతికి సాంఘిక శాస్త్రం చెబుతాను. ఎన్నికల పాఠం పునశ్చరణ చేయిద్దామని మొదలుపెడితే తరగతి అదుపు తప్పుతోంది. ఉక్కగా ఉంది, ఫ్యాను వేయరా అంటే ఒక మూల కేరింతలు. ఆలస్యంగా వచ్చినవాడు సైకిలు పంక్చరైందని చెప్పబోతే ఇంకో మూల ఈలలు. మంచినీళ్ల గ్లాసు అందుకుంటే మూడో మూల చప్పట్లు. మూడూ పార్టీల గుర్తులే మరి. మా ప్రధానోపాధ్యాయులు “పోలింగు దాటేదాకా ఆ పాఠం జోలికి పోకండి, ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఎన్నికల కోడ్ కింద మనమే ఇరుక్కుంటాం” అంటున్నారు. చెప్పమంటారా, మానమంటారా?
– ఒక ఉపాధ్యాయిని, పి.గన్నవరం ప్రాంతం

జవాబు: చెప్పమనే అంటానమ్మా. అయితే మీ ప్రధానోపాధ్యాయుల భయాన్ని పిరికితనమని కొట్టిపారేయను. ముప్పావుగంట పాఠంలోంచి పది సెకన్ల ముక్క కత్తిరించి వాట్సాప్‌లో తిప్పితే సంజాయిషీ రాసుకోవలసింది మీరూ ఆయనానే. కాబట్టి చట్టం దేన్ని వద్దంటోందో ముందు తెలుసుకుని, ఆ హద్దు ఇవతల ఎంత చోటుందో చూసుకోవాలి. ప్రభుత్వోద్యోగి పార్టీ సభ్యుడు కాకూడదనీ, ఏ అభ్యర్థి పక్షానా ప్రచారం చేయకూడదనీ 1964 నాటి మన రాష్ట్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి చెబుతుంది. పోలింగు విధుల్లో ఉన్నవారు అభ్యర్థి గెలుపు కోసం పనిచేయకూడదని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 129వ సెక్షన్, ప్రభుత్వోద్యోగి పోలింగు ఏజెంటుగానో కౌంటింగు ఏజెంటుగానో కూర్చుంటే శిక్ష తప్పదని 134ఎ సెక్షన్ అంటాయి. పార్టీ అంటే ఏమిటో, దానికి గుర్తింపు ఎలా వస్తుందో, ఎలా పోతుందో తరగతిలో చెప్పడాన్ని వీటిలో ఏదీ తప్పు పట్టదు. మీ పాఠ్య ప్రణాళికను కాగితం మీద రాసి, మీరు వాడబోయేవన్నీ ఎన్నికల సంఘం ప్రచురించినవేనని చూపించి, ఆయన సంతకం తీసుకోండి. ఆయన భయం సగం తగ్గుతుంది, మీ ధైర్యం సగం పెరుగుతుంది.

ఇక ఆ నవ్వుల సంగతి. వాటిని అణచడానికి గొంతు చించుకోకండి, పాఠానికి తలుపు అక్కడే తెరుచుకుంటుంది. మన పిల్లలకు పార్టీల గురించి తెలియక కాదు. ఆటో మైకులు, ఇంటి అరుగులు, రేవు దగ్గర పంటు కోసం ఎదురుచూసేవాళ్ల వాదనలు వారికి కావలసినంత చెబుతూనే ఉన్నాయి. అయితే వారికి తెలిసినదంతా గుర్తు, నాయకుడి బొమ్మ, పాట. కాబట్టి గుర్తుతోనే మొదలుపెట్టి, ఫ్యాను ఒక పార్టీది ఎందుకైందని అడగండి. 1951–52లో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగినప్పుడు గోదావరి జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. ఓటర్లలో చదువు రానివారే ఎక్కువ. అందుకని ప్రతి అభ్యర్థికీ విడిగా ఒక పెట్టె పెట్టి, దాని మీద అతని గుర్తు అంటించారు. ఓటరు తన కాగితాన్ని నచ్చిన పెట్టెలో వేసి వచ్చేవాడు. కాంగ్రెసుకు కాడెద్దులు, కమ్యూనిస్టులకు కంకి కొడవలి, ప్రకాశం పంతులు గారు ఉన్న కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీకి గుడిసె, జనసంఘానికి దీపం. అక్షరం రానివాడి కోసం పుట్టిన ఏర్పాటు అక్షరాస్యులకూ అలవాటైపోయి డెబ్బై ఏళ్లు దాటింది.

ఇక్కడ పిల్లలకు ఒక ఇంటిపని ఇవ్వండి. తాతయ్యనో మామ్మనో అడిగి, వారికి గుర్తున్న పాత గుర్తులు రాసుకుని రమ్మనండి. కాడెద్దులు వస్తాయి, ఆవూ దూడా వస్తాయి, 1977 నాటి నాగలి భుజాన వేసుకున్న రైతు వస్తాడు. మర్నాడు తరగతిలో, ఒకే పార్టీ కాడెద్దుల నుంచి ఆవు–దూడకూ, అక్కడి నుంచి చేతికీ ఎందుకు మారిందని ఎవరో ఒకరు అడగక మానరు. అప్పుడు చీలికల గురించి, చీలినప్పుడు పేరూ గుర్తూ ఎవరికి దక్కాలో ఎన్నికల సంఘం తేల్చే పద్ధతి గురించి చెప్పవచ్చు. ఈ వ్యవహారాన్ని నడిపేది 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వు. దాని ప్రకారం నమోదైన పార్టీ వేరు, గుర్తింపు పొందిన పార్టీ వేరు. దేశంలో నమోదైన పార్టీలు 2024లో రెండున్నర వేలకు పైగా ఉండేవి. జాతీయ పార్టీలుగా గుర్తింపు ఉన్నవి ఇప్పుడు ఆరే. 2023 ఏప్రిల్‌లో సిపిఐ, తృణమూల్ కాంగ్రెస్, నేషనలిస్ట్ కాంగ్రెస్ పార్టీ ఆ హోదా కోల్పోయాయి, ఆమ్ ఆద్మీ పార్టీ దాన్ని సంపాదించుకుంది. పాత సమాధానం బట్టీ పట్టినవారికి పరీక్షలో ఒక మార్కు పోయే చోటు కూడా ఇదే.

మన ఊరి ఉదాహరణలే తీసుకుంటే పాఠం ఇంకా బాగా ఎక్కుతుంది. రాష్ట్ర పార్టీ గుర్తు ఆ రాష్ట్రం వరకే రిజర్వు అవుతుంది. మన సైకిలు తెలుగుదేశానిది, ఉత్తరప్రదేశ్‌లో సైకిలు సమాజ్‌వాదీ పార్టీది. రాష్ట్ర పార్టీగా గుర్తింపు పొందే దారుల్లో ఒకటి, శాసనసభ ఎన్నికల్లో చెల్లిన ఓట్లలో 6 శాతంతో పాటు కనీసం 2 స్థానాలు గెలవడం. 2019లో జనసేనకు ఐదున్నర శాతం దాకా ఓట్లూ, మన రాజోలులో ఒక్క స్థానమూ వచ్చాయి. అందువల్ల 2024 ఎన్నికల నాటికి గాజు గ్లాసు ఆ పార్టీకి శాశ్వతంగా రిజర్వు కాలేదు. ఈ వివరం చెప్పేటప్పుడు మీ గొంతులో వెటకారం గానీ జాలి గానీ లేకపోతే ఏ పార్టీ ఇంటి పిల్లవాడూ నొచ్చుకోడు. లెక్కల మాస్టారిని పిలిచి శాతాలు కట్టించినా బాగుంటుంది.

సమయం చిక్కితే ఇంకొక్క విషయం చెప్పండి. 1950లో అమల్లోకి వచ్చినప్పుడు మన రాజ్యాంగంలో రాజకీయ పార్టీల ఊసే లేదు. ఫిరాయింపుల నిరోధం కోసం 1985లో చేసిన 52వ సవరణతో పార్టీ రాజ్యాంగంలోకి అడుగుపెట్టింది. ఇంతటి బలం ఉన్నదాని పేరు ముప్పై అయిదేళ్ల పాటు మూలగ్రంథంలో లేకపోవడం పిల్లలకు ఆశ్చర్యంగా ఉంటుంది. నాకు ఇప్పటికీ ఉంటుంది.

ప్రశ్న: పిల్లలు సూటిగా “సార్, మీరు ఏ పార్టీ?” అని అడుగుతున్నారు. అబద్ధం చెప్పలేను, నిజం చెప్పకూడదు. ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయుడు, ఆచంట

జవాబు: “నాకే పార్టీ లేదు” అనకండి. ఓటు వేసే మనిషి ఆ మాటంటే పిల్లలు నమ్మరు, పైగా పార్టీ అభిమానం సిగ్గుపడవలసిన విషయమన్న అర్థం అందులో దొర్లుతుంది. “నా ఓటు రహస్యం, మీ అమ్మగారిదీ అంతే, రేపు మీదీ అంతే” అని చెప్పి, ఓటు రహస్యాన్ని కాపాడమని పోలింగు సిబ్బందిని శాసించే సెక్షనే ఒకటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఉందని చూపించండి. అది 128. తప్పించుకున్నట్టూ ఉండదు, పాఠమూ సాగుతుంది.

అయినా మన ఊళ్లలో మాస్టారి పార్టీ ఏదో మాస్టారికన్నా ముందు టీకొట్టుకు తెలుస్తుంది. మౌనం ఒక్కటే మిమ్మల్ని కాపాడదు, పాఠం చెప్పే తీరే కాపాడాలి. జర్మనీలో 1976లో అన్ని పక్షాల విద్యావేత్తలూ కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. తన అభిప్రాయాన్ని ఉపాధ్యాయుడు విద్యార్థి మీద రుద్దకూడదు. సమాజంలో వివాదంగా ఉన్నది తరగతిలోనూ వివాదంగానే కనిపించాలి. తన మేలు ఎందులో ఉందో విద్యార్థి తానే తూచుకోగలగాలి. ఒకే భావాన్ని బళ్లో నూరిపోస్తే ఏమవుతుందో హిట్లరు కాలంలో చవిచూసిన దేశం గనుక ఆ మాటల వెనుక అనుభవం ఉంది. వీటిలో రెండోది పాటించడమే కష్టం. మీకు గిట్టని పార్టీ వాదనను, ఆ పార్టీ కార్యకర్త కిటికీలోంచి విన్నా తల ఊపేటంత న్యాయంగా చెప్పగలరేమో ఇంట్లో ఒకసారి గొంతు విప్పి సాధన చేయండి. నేను చేసి చూశాను. మొదటి రెండుసార్లూ నా మాట నాకే వకాల్తా పుచ్చుకున్నట్టు వినిపించలేదు, ఎగతాళిలా వినిపించింది.

ప్రశ్న: దేశానికి ప్రభుత్వాన్ని ఎన్నుకునే ఎన్నికలని పాఠంలో చెబుతాం. బయట అందరూ ముఖ్యమంత్రి ఎవరన్నదే మాట్లాడుకుంటున్నారు. రెండు ఓట్లెందుకో మా పిల్లలకు అర్థం కావడం లేదు.
– ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయిని, భీమవరం

జవాబు: పిల్లలకే కాదు, పెద్దల్లోనూ చాలామంది రెండు మీటలూ ఒకే ఊపులో నొక్కి వస్తారు. బూత్‌లో యంత్రం మీద ఉండే బ్యాలెట్ కాగితం లోక్‌సభకు తెల్లగా, శాసనసభకు గులాబి రంగులో ఉంటుంది. ఆ రెండు రంగుల కాగితాలు గోడకు అంటించి, నడుమ ఖాళీ వదిలి, పాఠం మొదలుపెట్టండి.

పార్టీలు ఇస్తున్న హామీలనూ మీ ప్రాంతం ఏళ్ల తరబడి అడుగుతున్న పనులనూ పిల్లల చేత చీటీల మీద రాయించి, ఇది ఢిల్లీ పనా, రాష్ట్రం పనా తేల్చి ఆ రంగు కాగితం మీద అంటించమనండి. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని మూడు జాబితాలు బల్ల మీద ఉంచండి. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం అన్న చీటీ నేరుగా తెల్ల కాగితం మీదికి పోతుంది, ఎందుకంటే రైల్వే కేంద్ర జాబితాలోది. కొబ్బరి అనగానే వ్యవసాయం కదా, రాష్ట్రానిదే అని అందరూ గులాబి వైపు పరుగెడతారు. ఎండు కొబ్బరికి కనీస మద్దతు ధర ప్రకటించేది కేంద్ర ప్రభుత్వమని చెప్పగానే ఆ చీటీ చేతిలోనే ఆగిపోతుంది. రొయ్యల చెరువు మీకు బాగా తెలిసిన సరుకు: చెరువు కరెంటు రాయితీ రాష్ట్రానిది, ఎగుమతుల విధానం కేంద్రానిది, చెరువు నీళ్లు పక్క చేలోకో మురుగు కాలువలోకో వదిలితే వచ్చే తగాదా ముందు పంచాయతీ గుమ్మం ఎక్కుతుంది. నీటిపారుదల రాష్ట్ర జాబితాలోదే, కాలువలకు సార్వా పంటకు ఎప్పుడు నీళ్లు వదలాలో రాష్ట్రమే చూసుకుంటుంది. అయితే అదే గోదావరి మీది పోలవరాన్ని 2014 పునర్వ్యవస్థీకరణ చట్టం జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. నేల కింది గ్యాస్ కేంద్రానిది, దాని గొట్టాలు పోయేది మన కొబ్బరితోటల కింద నుంచి. 2014 జూన్‌లో నగరం గ్రామంలో ఆ గొట్టం పేలిన సంగతి కోనసీమలో ఏ ఇంట అడిగినా చెబుతారు. చదువు 1976లో 42వ సవరణతో రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాలోకి మారింది. గంట గడిచేసరికి మీరు వదిలిన ఖాళీలో చీటీలే ఎక్కువగా ఉంటాయి.

పార్టీ అన్నది ఎందుకు అవసరమో కూడా ఇక్కడే తెలుస్తుంది. 543 మంది ఉన్న లోక్‌సభలో మన రాష్ట్రం వాటా 25. అందరూ హాజరైతే ఏ పని కావాలన్నా 272 చేతులు లేవాలి. మన సభ్యుడు ఒంటరిగా ఎంత మంచివాడైనా ఆ లెక్కలో ఒకటే. అందుకే మంచి అభ్యర్థి కావాలా, నచ్చిన పార్టీ కావాలా అన్న చర్చ పెట్టేటప్పుడు ఫిరాయింపుల నిరోధానికి రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలు సంగతి దాచకండి. పార్టీ ఆదేశానికి (విప్‌కు) విరుద్ధంగా ఓటు వేసిన సభ్యుడు సభ్యత్వం కోల్పోవచ్చు. మొదట్లో మూడో వంతు మంది చీలితే చెల్లేది. 2003లో 91వ సవరణ ఆ వెసులుబాటు తీసేసింది. ఇప్పుడు వేరే పార్టీలో విలీనం కావాలంటే మూడింట రెండు వంతుల మంది సభ్యులు ఒప్పుకోవాలి. ఈ కట్టుబాటు మంచిదా, సభ్యుడి నోరు కట్టేసిందా అన్నదాని మీద పెద్దలే ఏకాభిప్రాయానికి రాలేదు. తొమ్మిదో తరగతిని వాదించుకోనివ్వండి.

ప్రశ్న: మాదిరి ఎన్నికలు పెట్టాను. పిల్లలు నిజమైన పార్టీల పేర్లే పెట్టుకున్నారు. అంతటితో ఆగక, పేటల వారీగా విడిపోయి కూర్చున్నారు. ఎవరు ఏ గుంపులో ఉన్నారో చూశాక నాకే భయం వేసి మధ్యలో ఆపేశాను. తప్పు ఎక్కడ జరిగింది?
– ఒక ఉపాధ్యాయుడు, అమలాపురం పరిసరాలు

జవాబు: ఆపి మంచి పని చేశారు. పేట అంటే మన దగ్గర ఏమిటో మీకూ నాకూ తెలుసు. 2022 మే నెలలో కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం మీద అమలాపురంలో లేచిన మంటలు చూసిన పిల్లలే మీ ముందు కూర్చున్నారు. పిల్లల్ని తప్పు పట్టకండి, ఊరు ఎలా కూర్చుంటే వాళ్లూ అలా కూర్చున్నారు.

నా అనుభవంలో మాదిరి ఎన్నికలు ఓటు వేయడం నేర్పుతాయి గానీ పార్టీ అంటే ఏమిటో నేర్పవు. నేను ఇంకో దారి పట్టేవాణ్ణి. మొదటిరోజు, తరగతి నాయకుడిగా ఎవరికి నిలబడాలని ఉంటే వారినల్లా నిలబడమనేవాణ్ణి. ఒకసారి ముప్పై ఎనిమిది మందిలో పదిహేడు మంది నిలబడ్డారు. గెలిచినవాడికి అయిదు ఓట్లు పడ్డాయి. మిగిలిన ముప్పై ముగ్గురూ తాము ఓడిపోయామని అలిగారు. “మరి అయిదు ఓట్లవాడు మీ నాయకుడెలా అయ్యాడర్రా?” అని అడిగి ఇంటికి పంపేశాను. రెండోరోజు చీటీలు తీసి, వచ్చిన నెంబరును బట్టి గుంపులు చేశాను. పేట, స్నేహం, ఆడ–మగ అన్న పంపకానికి అవకాశమే లేదు. ప్రతి గుంపూ మూడు కోరికల మీద ఒప్పందానికి రావాలి, నాలుగోది వదులుకోవాలి. ఒక గుంపు ఆటస్థలానికి మెరక మట్టి కావాలంది, ఇంకోటి ఆడపిల్లల మరుగుదొడ్డికి గొళ్లెం కావాలంది, మూడోది మధ్యాహ్న భోజనంలో గుడ్డు సరిగా ఉడకడం లేదంది. గుర్తులుగా పనసకాయ, పడవ, పందిరి మంచం పెట్టుకున్నారు. ఏ గుంపుకూ సగం మంది మద్దతు చిక్కక రెండు గుంపులు కలవవలసి వచ్చింది. గొళ్లెం వాళ్లు గుడ్డును ఒప్పుకుని, తమ మూడో కోరిక వదులుకున్నారు. ఆ వదులుకున్నప్పటి ఏడుపు, బేరం, రాజీ, ఇవన్నీ కలిస్తేనే పార్టీ రాజకీయం. అది పుస్తకంలో మూడు వాక్యాల్లో ఉంటుంది.

కులం మాట తరగతిలో రానే వస్తే నోరు మూయించకండి. కులం పేరుతో ఓటు అడగడం అవినీతి చర్య అని ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ చెబుతోందనీ, అభ్యర్థి కులమే కాదు ఓటరు కులం పేరు చెప్పి అడిగినా అది వర్తిస్తుందని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చిందనీ చెప్పండి. నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు నిలిచిన తీర్పది. కులం వల్ల అన్యాయమైపోయినవారు ఆ అన్యాయం గురించి ఎన్నికల్లో మాట్లాడకుండా ఎలా ఉంటారన్నది ఆ ముగ్గురి ప్రశ్న. ఆ ప్రశ్నను కూడా పిల్లల ముందు ఉంచాలి.

ప్రశ్న: ఎనిమిదో తరగతి పిల్ల పాఠం మధ్యలో లేచి, “మా ఇంటికి ఓటుకు డబ్బు తెచ్చి ఇచ్చారు సార్, పోయినసారి” అంది. తరగతంతా మౌనం. నేను మాట మార్చేశాను.
– ఒక ఉపాధ్యాయుడు, కాకినాడ జిల్లా

జవాబు: అప్పటికి మాట మార్చడమే మేలు. ఎవరిచ్చారు, ఎంతిచ్చారు అని ఆరా తీసి ఉంటే ఆ పిల్ల తన ఇంటి మీదే సాక్ష్యం చెప్పినట్టయ్యేది. ఓటుకు డబ్బివ్వడమే కాదు, పుచ్చుకోవడమూ శిక్షా స్మృతి 171బి (2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహిత 170) ప్రకారం నేరమని ఆమెకు తెలియదు. ఆమెను ప్రత్యేకంగా పిలిచి హితబోధ చేయకండి. రెండు మూడు రోజులు పోయాక, ఎవరినీ చూడకుండా, విషయాన్ని లెక్కగా ఎత్తుకోండి.

ఇచ్చిన డబ్బును అయిదేళ్ల రోజులతో భాగించి “చూశారా, రోజుకు రూపాయి” అని తేల్చే లెక్క మనలో చాలామందికి అలవాటు. నాకది నచ్చదు. కొబ్బరి దింపు పని లేని నెలలో ఇంటికి వచ్చిన నోటును కాదనలేని తల్లిని అది వెక్కిరిస్తుంది, ఇచ్చినవాడి జోలికి పోదు. ఈ లెక్క వేయించండి: శాసనసభ అభ్యర్థి చట్టప్రకారం పెట్టగలిగిన ఖర్చు 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థిది 95 లక్షలు. రెండు లక్షల ఓటర్లున్న నియోజకవర్గంలో సగం మందికి మనిషికి వెయ్యి చొప్పున పంచితే ఎంత? పది కోట్లు. అంటే పరిమితికి ఇరవై అయిదు రెట్లు. ఈ పది కోట్లు ఎక్కడి నుంచి వచ్చాయి, ఏ ఖాతాలో రాశారు, ఎలా రాబట్టుకుంటారు? అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఉంది, పార్టీ ఖర్చుకు లేదు అన్న సంగతి కూడా చేర్చండి. పేరు బయటపడకుండా పార్టీలకు విరాళాలిచ్చే ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టివేసింది గనుక, పార్టీలకు డబ్బు ఎవరిస్తున్నారో తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందన్న మాట పత్రికల్లో ఇంకా వేడిగానే ఉంది. ఫిర్యాదుకు ఎన్నికల సంఘం వారి సి–విజిల్ యాప్ ఉందని పెద్దలకు చెప్పవచ్చు. పిల్లల చేత మాత్రం ఆ పని చేయించకూడదు.

ప్రశ్న: పిల్లల బుర్రల్లోకి ఈ రాజకీయాలెందుకండీ? మా రోజుల్లో బడిలో ఈ గోల లేదు.
– ఒక పెద్దాయన, సఖినేటిపల్లి

జవాబు: మీ రోజుల్లో ఓటు హక్కు 21 ఏళ్లకు వచ్చేది. 1989 నుంచి 18 ఏళ్లకే వస్తోంది. పదో తరగతి దాటిన మూడేళ్లకు చేతికి వచ్చేదాని గురించి పదో తరగతిలోగా చెప్పకపోతే, చెప్పడానికి ఆటో మైకు ఒక్కటే మిగులుతుంది.

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా ఒక పార్టీ కార్యకర్తను. మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. నాతో ప్రచారానికి వస్తానంటున్నాడు. బడిలోనేమో పార్టీలవాళ్లంటే దొంగలన్నట్టు మాట్లాడుతున్నారట. ఏది సబబు?
– పాలకొల్లు పాఠకుడు

జవాబు: మొదటిదానికి నిబంధన స్పష్టంగా ఉంది. ప్రచారంలో పిల్లల్ని ఏ రూపంలోనూ వాడకూడదని 2024 ఫిబ్రవరి 5న ఎన్నికల సంఘం పార్టీలన్నిటికీ గట్టిగా చెప్పింది. కరపత్రాలు పంచడం, నినాదాలు ఇవ్వడం, ఊరేగింపులో నడవడం అన్నీ అందులోకే వస్తాయి. తల్లిదండ్రుల వెంట వచ్చి, ప్రచారంలో పాలు పంచుకోకుండా నాయకుడి సమీపంలో ఉన్నంత మాత్రాన తప్పు కాదని కూడా అదే ఉత్తర్వు అంటోంది. కాబట్టి సభకు తీసుకెళ్లండి, పక్కన కూర్చోబెట్టుకోండి, జెండా మాత్రం చేతికివ్వకండి. వీలైతే ఎదుటి పార్టీ సభకూ ఒకసారి తీసుకెళ్లండి. మీకు కష్టమే, తెలుసు.

రెండోదాని విషయంలో మీ బాధతో ఏకీభవిస్తున్నాను. పార్టీలన్నీ ఒక్కటే, అందరూ దొంగలే అని తరగతిలో అనడం తటస్థత అనుకుంటారు మా వాళ్లు కొందరు. పిల్లలకు దానివల్ల అబ్బేది విసుగొక్కటే. పాఠ్యపుస్తకం పార్టీలో నాయకులు, క్రియాశీల సభ్యులు, అనుచరులు ఉంటారని చెబుతుంది. ఆ నడిమివారి పని ఏమిటో ఎవరూ చెప్పరు. పోలింగుకు గంటన్నర ముందు, తెల్లవారకుండానే, అన్ని పార్టీల ఏజెంట్లూ వచ్చి కూర్చుని, కనీసం యాభై ఓట్లతో జరిగే నమూనా పోలింగు (మాక్ పోల్) చూసి సంతకాలు పెడతారు. సాయంత్రం ఎన్ని ఓట్లు పడ్డాయో 17సి ఫారంలో రాయించుకుని నకలు తీసుకెళతారు. ఆ కాగితం లెక్కింపు రోజున ఎంతటి సాక్ష్యమో మీకు తెలుసు. లంక గ్రామాల్లో ఎన్నికల విధులకు వెళ్లినప్పుడు, బయట ఒకరి మొహం ఒకరు చూసుకోని పార్టీల ఏజెంట్లు లోపల ఒకే పొట్లంలోని పెసరట్టు పంచుకుని తినడం నేను చూశాను. పోలింగు, లెక్కింపు అయిపోయి బడులు తెరిచాక, మీలాంటివారిని ముగ్గురిని, మూడు పార్టీల నుంచి, ఒకేరోజు తరగతికి పిలవమని మీ ప్రధానోపాధ్యాయుల్ని అడగండి. ఇప్పుడు మాత్రం వద్దు, కోడ్ ఉంది.

ప్రశ్న: మాస్టారూ, నేను ఇంటర్ చదువుతున్నాను. 2006 జూన్ 20న పుట్టాను. మే 13న నాకు ఓటు లేదని చెప్పారు. ఇరవై రోజులైతే ఎన్నికల సంఘం సర్దుకోదా? మా మామ్మకు చూపు తగ్గింది, ఆవిడకు తోడుగానైనా లోపలికి వెళ్లనిస్తారా?
– ఒక విద్యార్థి, రావులపాలెం

జవాబు: ఇరవై రోజులు కాదు నాయనా, మే 13 నుంచి నీ పుట్టినరోజుకు ముప్పై ఎనిమిది రోజులు. లెక్క సరిచూసుకో. ఓటు అర్హతకు ఏడాదికి నాలుగు తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1. నువ్వు జూలై 1 లెక్కలోకి వస్తావు. పదిహేడు నిండినవారు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు గనుక, ఫారం 6 ఇప్పుడే నింపి బూత్ స్థాయి అధికారికి ఇవ్వు.

చూపు లేనివారికీ అశక్తులకూ తోడుగా లోపలికి వెళ్లే మనిషికి 18 ఏళ్లు నిండి ఉండాలి, కాబట్టి ఆ అవకాశమూ నీకు లేదు. మామ్మకు 85 దాటితే ఇంటి దగ్గరే ఓటు వేసే వీలు ఈసారి ఉంది. నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లోగా 12డి ఫారం ఇవ్వాలి. అది నింపి పెట్టడం నీ వంతు. ఆవిడ బూత్‌కే వస్తానంటే ఇంట్లో కూర్చోబెట్టి చెప్పు: రెండు యంత్రాలుంటాయి, తెల్లది ఎంపీది, గులాబిది ఎమ్మెల్యేది, మీట నొక్కాక పక్క పెట్టె అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనబడుతుంది, అది చూశాకే కదలాలి. అభ్యర్థులు దాఖలు చేసిన 26వ ఫారం అఫిడవిట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైటులో దొరుకుతాయి. ఆస్తులు, కేసులు, చదువు అన్నీ ఉంటాయి. అవి చదివి వినిపించు, అందరివీ చదువు, ఒకరివి చదివి ఊరుకోకు. ఏ మీట నొక్కావే మామ్మా అని మాత్రం తిరిగొచ్చాక అడగకు.